ఆవగింజంత బెజ్జం

బ్యాడ్జర్ వాగు తుపాకుల క్లబ్బు రెండుగా చీలిపోయింది ఒక బెజ్జం వల్ల. పెద్ద బెజ్జమేమీ కాదు, ఆవగింజ పడితే ఇరుక్కునేంత. కొత్త రకం రివాల్వర్లకు ఎడమ పక్కన, తూటాల చక్రం తెరిచే మీటకు కాస్త పైన, తయారుచేసేవాళ్లు ఒక తాళం పెడుతున్నారు. అగ్గిపుల్ల ముక్కంత తాళంచెవి ఆ బెజ్జంలో పెట్టి తిప్పితే ట్రిగ్గర్ బిగుసుకుపోతుంది. మళ్లీ తిప్పితే వదులుతుంది. ఇంతే సంగతి. ఇంతమాత్రానికే అమెరికాలో, ఉత్తర విస్కాన్సిన్‌లో, పైన్ చెట్ల మధ్య, మనవలను ఎత్తుకున్న పెద్ద పెద్ద మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

చీల్చినవాడు ఎల్రాయ్ జాస్ట్రో. జున్ను ఫ్యాక్టరీలో బాయిలర్ చూసి చూసి రిటైరైన మనిషి, క్లబ్బుకు ప్రెసిడెంటు. తాళం మాట ఎత్తితే చాలు, ఆయన కాఫీ చల్లారిపోయేది.

“రేపు ఎలుగుబంటి మీదకొస్తుంది. ఏం చేస్తావు? ‘అమ్మా ఎలుగూ, ఓ నిమిషం ఆగు, తాళంచెవి ఏ జేబులో పెట్టానో చూసుకుంటా’ అంటావా? సరే, తాళం తీసే ఉందనుకో. మొదటి గుండు పేలిన అదురుకి దానంతటదే పడిపోతే? రెండో గుండుకి ఎలుగు కాళ్లు పట్టుకుంటావా?”

ఎల్రాయ్ బతుకులో ఏ ఎలుగుబంటీ మీదకు వచ్చిన పాపాన పోలేదు. ఓసారి చెత్తడబ్బా దగ్గర కనబడిందిగానీ, అది ఇతన్ని చూసి విసుక్కున్నట్టుగా వెళ్లిపోయింది. అయినా ప్రతి వాదంలోనూ ఆ ఎలుగు ఠంచనుగా హాజరయ్యేది. ఇంకో విశేషం ఏమిటంటే, ఇన్నేళ్లలో ఆ తాళమున్న రివాల్వర్‌ని ఆయన ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోలేదు. ముట్టుకుంటే అభిప్రాయం మైలపడుతుందని కాబోలు.

అవతలి పక్షానికి పెద్ద గోర్డీ పెల్కీ. ఎల్రాయ్ భార్య లవెర్న్‌కు స్వయానా అన్న. ఒకప్పుడు బావలిద్దరూ ఒకే పడవలో చేపలు పట్టేవాళ్లు, ఒకే సీసాలో తాగేవాళ్లు. గోర్డీ తాళమున్న రివాల్వర్ కొన్న రోజుతో అది అయిపోయింది.

“మా ఇంట్లో ఎలుగులు లేవు బావా, మనవలున్నారు,” అన్నాడు గోర్డీ ఆ రోజు. “ఎలుగు బీరువా ఎక్కదు. వీళ్లు ఎక్కుతారు. అయినా నీ ఎలుగు బయల్దేరి ఎంతకాలమైంది? ఎక్కడో బస్సు మారుతున్నట్టుంది.”

క్లబ్బంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఎల్రాయ్ మరిచిపోలేదు.

క్లబ్బులో ఒక ఆచారం ఉంది. పొయ్యి పక్క గోడకు వరసగా మేకులు, మేకుకొక కాఫీ కప్పు, కప్పుమీద సభ్యుడి పేరు. కప్పు గోడమీద ఉంటే నువ్వు మనిషివి. మర్నాడే ఎల్రాయ్ కొత్త రూలు పెట్టాడు: తాళం బెజ్జమున్న రివాల్వర్‌ని క్లబ్బు ఆవరణలోకి తెచ్చినవాడి కప్పు పొయ్యి పక్క ఉండదు, బాత్రూమ్‌కు వెళ్లే దారిలో గోడకు వేలాడుతుంది. గోర్డీ కప్పు మొదట వెళ్లింది. తర్వాత ఇంకొన్ని దాని వెనకే వెళ్లాయి. వాళ్లు ఆ దారిలోనే ఒక బల్ల వేసుకుని, దానికి బెజ్జం బల్ల అని తామే పేరు పెట్టుకుని, పంతానికి అక్కడే కూర్చునేవాళ్లు. బాత్రూమ్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా కప్పులమీద చేతులు మూసుకునేవాళ్లు.

నలిగిపోయింది లవెర్న్. ప్రతి నవంబర్‌లో టర్కీ కోడి పండగకు అన్న ఒక కొసన, మొగుడు ఇంకో కొసన. “లవెర్న్, ఆ చివరనున్నాయనని ఉప్పు ఇమ్మను.” “లవెర్న్, ఉప్పు పంపించానని ఆ చివరనున్నాయనకి చెప్పు.” బల్లకు అటూ ఇటూ ఉప్పు మోసీ మోసీ, కప్పు మార్చిన క్లబ్బులో తాను అడుగుపెట్టనని ఒట్టు పెట్టుకుందామె. ఆ ఒట్టు నిలబెట్టుకుంది కూడా.

అలాంటిది ఈ సెప్టెంబర్‌లో, పెళ్లయి నలభై ఏళ్లు నిండిన రోజున, రిబ్బన్ కట్టిన పెట్టె ఒకటి తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

ఎల్రాయ్ మూత తీశాడు. రివాల్వర్. వాల్‌నట్ చెక్క పిడి, నీలం నలుపు కలిసిన ఉక్కు. చేతిలోకి తీసుకుని, కుడి పక్క చూసి మురిసి, ఎడమ పక్కకు తిప్పాడు. మీట పైన బెజ్జం. అది తననే చూస్తున్నట్టు అనిపించింది.

“ఎలా ఉంది?” అంది లవెర్న్.

“ఊఁ.”

“నలభై ఏళ్లుగా నువ్వు నాకు మిక్సర్లు, కుట్టుమిషన్లు, చలికోట్లు కొంటూనే ఉన్నావు. నీకు నచ్చేది నేనొక్కటైనా కొనాలని ఉండేది. ఏది కొనాలో తెలిసి చావదు. ఈసారి ధైర్యం చేసి పట్నం దాకా పోయి, షాపువాడు మంచిదన్నది తెచ్చేశాను. పెనం దీంతోనే మోగించాలి నువ్వు. నేనూ వస్తాను చూడ్డానికి.”

“క్లబ్బుకా? నువ్వా?”

“వస్తాను. ఒట్టు గిట్టు నాకు గుర్తులేదు.”

ఆమె మొహం చూస్తే పెళ్లినాటి ఫోటోలో మనిషి గుర్తొచ్చింది ఎల్రాయ్‌కి. తాళంచెవి పెట్టెలో లేదు. దానికోసం ఆయన వెతకనూ లేదు, అలాంటి వస్తువు కంటపడకపోవడమే మేలనుకున్నాడు. “బ్రహ్మాండంగా ఉంది,” అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

పెనం సంగతి చెప్పాలి. క్లబ్బు పెట్టినాయన భార్య వాడిన ఇనప పెనం ఒకటి, తూటాల గుంటలు పడి, కాల్పుల మైదానం చివర గొలుసుకు వేలాడుతుంటుంది. అక్టోబర్ మొదటి శనివారం పొద్దున్నే ప్రెసిడెంటుగానీ, ఆయన తుపాకి అందించినవాళ్లుగానీ దాన్ని ఒక్క గుండుతో మోగించాలి. అది మోగేదాకా ఇంకెవరూ తుపాకి ఎత్తకూడదు, పొయ్యిమీద కాలుతున్న సాసేజ్‌లు ఎవరూ ముట్టకూడదు. పెనం మీదకు ఒకసారి ఎత్తిన తుపాకి మార్చకూడదు. ఆ రోజు పెనం మోగించినవాళ్లే ఆ ఏడాదికి ప్రెసిడెంటు. ఏటా ఎల్రాయే మోగిస్తూ రావడంతో ఈ ఆఖరి రూలు ఒకటుందని అందరూ మరిచారు.

ఎల్రాయ్‌కి నిద్ర కరువైంది. ఆ రివాల్వర్ తీసుకుపోతే తన కప్పు, తను పెట్టిన రూలు ప్రకారమే, బాత్రూమ్ గోడకెక్కుతుంది. గోర్డీ పక్కన. గోర్డీ నవ్వుతాడు. తీసుకుపోకపోతే లవెర్న్ మొహంలో ఆ వెలుగు పోతుంది, మళ్లీ ఎప్పటికి వస్తుందో తెలియదు. ఏదీ వదులుకునేందుకు మనసొప్పలేదు.

చివరికి షెడ్డులోకి పోయి, పడవ చిల్లులకు వాడే లప్పం తీశాడు. రాయిలా గట్టిపడే రకం. పిసరంత తీసి, గుండుసూదితో బెజ్జంలోకి కూరి, వేలితో నున్నగా అద్ది, పొయ్యిగొట్టాలకు వేసే నల్లరంగు రాశాడు. బెజ్జం మాయం. తన తెలివికి తనే మురిసిపోయాడు.

ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కి చూసి ఉంటే కథ ఇంకోలా ఉండేది. నొక్కలేదు. ఖాళీ తుపాకి ట్రిగ్గర్ నొక్కడం మహాపాపమని క్లబ్బులో అందరి చెవులూ చిల్లులు పడేలా బోధించినవాడాయె! తన బోధ తనే తప్పుతాడా?

శనివారం వచ్చింది. మంచు పట్టిన గడ్డి మీద కార్లు ఆగాయి. ఆరుబయట పొయ్యి మీద సాసేజ్‌లు చిటపటలాడుతున్నాయి. లవెర్న్ ఎర్ర టోపీ పెట్టుకుని ముందు వరసలో నిలబడింది. క్లబ్బు సెక్రటరీ నార్బ్ వాక్‌హోల్జ్ ఆమెను చూసి టోపీ తీశాడు. నార్బ్‌కు ఎల్రాయ్ మాటంటే వేదం. ఎల్రాయ్ తుమ్మితే తను జేబురుమాలు వెతుక్కునే రకం.

“వదినా, ఎన్నేళ్లకెన్నేళ్లకి! అన్న చేతిలో అది కొత్తదా?”

“నేనే కొన్నాను,” అంది లవెర్న్, గోర్డీకి కూడా వినబడేలా.

ఎల్రాయ్ తూటాలు నింపాడు. ఎడమ పక్క ఎవరికీ కనబడకుండా కాస్త పక్కకు తిరిగాడు. రివాల్వర్ ఎత్తాడు. అందరూ చెవులు మూసుకున్నారు. ట్రిగ్గర్ నొక్కాడు.

ట్రిగ్గర్ కదల్లేదు.

మళ్లీ నొక్కాడు. రెండు వేళ్లతో నొక్కాడు. నాలుక బయటపెట్టి నొక్కాడు. గోడని నొక్కినట్టుంది. చెవులు మూసుకున్నవాళ్లు ఒక్కొక్కరే చేతులు తీసి చూడసాగారు.

“ఏమైందన్నా?” నార్బ్ పరుగున వచ్చాడు. ఎల్రాయ్ తూటాలు తీసేసేలోపే దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి, తనే తూటాలన్నీ దులిపి, బొటనవేలితో ఎడమ పక్క రుద్దాడు. వేలికి నల్లగా అంటింది. ఇంకాస్త రుద్దాడు. “ఇదేంటి... ఇక్కడ ఏదో పూడ్చినట్టుందే? అన్నా! ఇది బెజ్జం! ఇది తాళమున్న తుపాకి!”

ఎల్రాయ్‌కి కళ్లముందు తన కప్పు మేకు నుంచి మేకుకు నడిచిపోతోంది.

నార్బ్ నోరు తెరుచుకునే ఉంది. చూస్తుండగానే ఆ మొహం వెలిగిపోయింది.

“అర్థమైంది! అందరూ వినండి! అన్న కావాలనే తెచ్చాడు! మనకి నిరూపించడానికి తెచ్చాడు! తాళంచెవి అసలు పోయేదారే లేకుండా మూసేసి మరీ తెచ్చాడు. ఎవరూ తిప్పలేదు, అయినా పడిపోయింది! దానంతటదే పడిపోయింది! ఇరవై ఏళ్లుగా చెబుతున్నాడా లేదా?”

ఒక్కసారిగా చప్పట్లు. ఎవరో ఎల్రాయ్ వీపు చరిచారు. ఇంకెవరో ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. బెజ్జం బల్ల వాళ్లు తలలు వంచుకున్నారు. గోర్డీ తన కాఫీలోకి చూస్తున్నాడు.

ఎల్రాయ్ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడాల్సిన పనేముంది? హాయిగా ఉంది. నిజం చెప్పాలంటే అంత హాయి ఆయనకు పెళ్లిరోజున కూడా లేదు. ఎట్టకేలకు ఎలుగు వచ్చేసింది.

లవెర్న్ దగ్గరకొచ్చింది. మొహం పాలిపోయింది.

“ఇలాంటిదా నేను నీ చేతికిచ్చింది? నిజంగా ఎలుగే వచ్చి ఉంటే? నేనే చంపుకునేదాన్ని కదా నిన్ను!” కళ్లు తుడుచుకోడానికి సంచిలో రుమాలు వెతికింది. రుమాలుతో పాటు తాను చూసుకునే చర్చి వంటగది తాళాల గుత్తి బయటికొచ్చింది. ఆ గుత్తిలో అగ్గిపుల్ల ముక్కంత తాళంచెవి.

ఆమె దాన్ని చూసింది.

“ఎల్రాయ్,” అంది గొంతు తగ్గించి. “ఇది పడలేదు. నేను వేశాను. షాపువాడు చూపిస్తే అక్కడే వేశాను, దారిలో భయమేసి. నీకు చెబుదామనుకుని మరిచాను.”

ఎల్రాయ్ తాళంచెవి వైపు చెయ్యి చాచాడు. ఆమె గుప్పిట మూసింది.

“మరి బెజ్జం ఎందుకు పూడ్చావు? నేనిచ్చినదానికి లప్పం పూశావా?”

“నీ మొహం చిన్నబోతుందని...”

“నా మొహం కోసమా, నీ కప్పు కోసమా?”

ఎల్రాయ్ పెనం వైపు చూశాడు. పెనం ఏమీ సాయం చేయలేదు.

“కప్పు కోసం,” అన్నాడు.

లవెర్న్ తల ఊపింది. తాళంచెవి గుత్తిలోంచి తీసి, ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. “నేనెవరికీ చెప్పను. ఇరవై ఏళ్లుగా దీనికోసం ఎదురుచూశావు. ఉంచుకో.”

తిట్టి ఉంటే తట్టుకునేవాడు. అలవాటే. ఆమె తిట్టలేదు, వెనక్కి తిరిగి తన పాత చోటికి పోయి నిలబడింది. ఎర్ర టోపీ తీసి సంచిలో పెట్టుకుంది. ఆ టోపీ సంచిలోకి పోవడం చూశాక ఎల్రాయ్‌కి చప్పట్లు చేదుగా తోచాయి.

“ఆపండి!” అని అరిచాడు. “అది దానంతటదే పడలేదు. మా ఆవిడ వేసింది. బెజ్జం నేను పూడ్చాను, మీకు కనబడకూడదని. తాళం పడమన్నప్పుడు పడింది. దాని తప్పేం లేదు, బంగారంలాంటి తాళం. తప్పంతా నాదే.”

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నార్బ్ కళ్లు చెమర్చాయి.

“చూశారా?” అన్నాడు అందరివైపూ తిరిగి. “పెళ్లాం మాట పడకూడదని నేరం తన నెత్తినేసుకుంటున్నాడు. మగాడంటే ఇలా ఉండాలి!”

మళ్లీ చప్పట్లు. ఈసారి ఇంకా గట్టిగా.

“ఒరేయ్, నిజం చెబుతున్నా! ఇదిగో తాళంచెవి!”

“ఏదీ, తిప్పన్నా.”

ఎల్రాయ్ తాళంచెవిని బెజ్జానికి ఆనించాడు. లప్పం రాయిలా ఉంది. తాళంచెవి జారిపోయింది. పడవ మునగకుండా ఉండేందుకు చేసిన లప్పం మరి.

“చాల్లే బావా,” అన్నాడు గోర్డీ దూరంనుంచి, చాలా ఏళ్ల తర్వాత నేరుగా. “గెలిచావుగా, ఇంకా ఈ ఎగతాళి దేనికి?” ఆయన కూడా నమ్మలేదు.

నార్బ్ ఆ రివాల్వర్‌ని అలాగే క్లబ్బు లోపల పొయ్యిపైన గోడకు బిగించాలని, కింద ఇత్తడి పలక పెట్టాలని ప్రతిపాదించాడు. సాక్ష్యం కదా. అందరూ చేతులెత్తబోయారు. అంతలో సాసేజ్‌ల దగ్గర నిలబడ్డాయన గట్టిగా అడిగాడు: “గోడకి బిగిస్తే పెనం మోగేదెలా? ఎత్తిన తుపాకి మార్చకూడదు. పెనం మోగందే ఇవి ముట్టకూడదు. ఇప్పటికే ఒక పక్క మాడుతున్నాయి.”

దీనిమీద పెద్ద చర్చ జరిగింది. సాక్ష్యం ముఖ్యమా, సాసేజ్ ముఖ్యమా? నార్బ్ సాక్ష్యం వైపు ఉద్రేకంగా మాట్లాడాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ గాలి పొయ్యి వైపునుంచి వీచింది. ఓటింగులో సాక్ష్యానికి ఒక్క ఓటు పడింది, అది నార్బ్‌ది, అదీ గుటకలు మింగుతూ వేశాడు.

“ఇటివ్వు,” అంది లవెర్న్. లోపలికి పోయి బెజ్జం బల్ల దగ్గర కూర్చుని, సంచిలోంచి క్రోషా సూది తీసింది. ఎల్రాయ్ రివాల్వర్ పట్టుకున్నాడు. గోర్డీ కాసేపు పక్కకు చూసి, ఆగలేక టార్చ్ లైటు తెచ్చి పట్టాడు. ముగ్గురి తలలూ ఒకచోట చేరాయి. పిసరు పిసరుగా లప్పం రాలింది. చుట్టూ క్లబ్బంతా ఆపరేషన్ గది బయట చుట్టాల్లా నిలబడింది.

“కొంచెం కిందకి పట్టు,” అంది లవెర్న్.

“లైటా, తుపాకా?” అన్నాడు గోర్డీ.

“ఇద్దరూ నోరు ముయ్యండి.”

తాళంచెవి దిగింది. తిరిగింది. టిక్కుమంది.

అందరూ మైదానంలోకి నడిచారు. ఎల్రాయ్ తూటాలు నింపి, ఎత్తబోయి, ఆగాడు. పిడిని లవెర్న్ వైపు తిప్పి అందించాడు.

“నువ్వు మోగించు.”

“నేనా?”

“నువ్వు కొన్నావు. తాళం నువ్వేశావు, నువ్వే తీశావు. నేను చేసింది లప్పం పూయడమే. నాకు సిగ్గుగా ఉంది లవెర్న్.”

ఆమె ఆయన్ని ఒక క్షణం చూసింది. సంచిలోంచి టోపీ తీసి మళ్లీ పెట్టుకుంది. చిన్నప్పుడు కంచెమీది డబ్బాలన్నీ అన్నకంటే ముందు పడగొట్టిన మనిషి, చెయ్యి మరిచిపోలేదు. గుండు పేలింది. పెనం ఖంగుమని మోగి, గొలుసుమీద చాలాసేపు ఊగింది.

“చూశారా!” నార్బ్ ఎగిరి గంతేశాడు. “దానంతటదే పడింది, దానంతటదే లేచింది! దాన్ని ఎవడు నమ్ముతాడు?”

“నార్బ్,” అన్నాడు గోర్డీ, “పెనం మోగించినవాళ్లు ఏమవుతారని రూలు?”

నార్బ్ గాల్లో ఉండగానే ఆ రూలు గుర్తొచ్చినట్టుంది. కిందికి దిగాక టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. “ప్రెసిడెంటు, వదినా,” అన్నాడు నీరసంగా.

లవెర్న్ మొదటి ఆజ్ఞ అందరినీ తినమనడం. దానికి ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. రెండోది, అందరూ లోపలికొచ్చాక, ఒక ప్రశ్న.

“ఈ బెజ్జమున్నది క్లబ్బులోకి తెచ్చిందెవరు?”

అందరూ ఎల్రాయ్ వైపు చూశారు. నార్బ్ మాత్రం పైకప్పు వైపు చూశాడు.

“రూలు రూలే,” అంది ప్రెసిడెంటు.

ఎల్రాయ్ పొయ్యి పక్కకు పోయి తన కప్పు తనే తీశాడు. బాత్రూమ్ దారిలో ఖాళీగా ఉన్న మేకు ఒక్కటే, గోర్డీ కప్పు పక్కది. తగిలించబోయి, ఎటూ కాఫీ తాగాలిగా అని బెజ్జం బల్ల దగ్గరే కూర్చున్నాడు. గోర్డీ జరిగి చోటిచ్చాడు.

“వాసనొస్తోందా?”

“వస్తోంది.”

“మొదటి ఏడాదే. తర్వాత తెలీదు.”

లవెర్న్ పళ్లెం పట్టుకొచ్చి వాళ్లిద్దరికీ ఎదురుగా కూర్చుంది. సాసేజ్‌లు ఒక పక్క బొగ్గయ్యాయి. ఆవముద్ద సీసా గోర్డీ మోచేతి దగ్గరుంది. ఎల్రాయ్ అలవాటుకొద్దీ భార్య వైపు తిరిగి, “లవెర్న్, ఆ...” అన్నాడు. ఆమె నములుతూ కిటికీలోంచి పెనం వైపు చూస్తోంది.

ఎల్రాయ్ గొంతు సవరించుకున్నాడు.

“బావా,” అన్నాడు, “ఆ ఆవముద్ద కొంచెం ఇటివ్వు.”

గోర్డీ చెయ్యి చాచి ఇచ్చాడు.